మౌనానికీ వాటా ఇప్పించండి

నుంచి:
గుట్ట మీది టవరు పనివాని భార్య,
మూడో అంతస్తు, బేకరీ ఉన్న భవనం.

కు:
బ్యాండ్‌విడ్త్ కేటాయింపు అధికారి గారు,
వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ కార్యాలయము.

అయ్యా,

విషయం: ఫోనులో మాట్లాడకుండా ఉన్న సమయమును ఖాళీ సమయముగా భావించి మా లైనును ఇతరులకు కేటాయించుచున్నందున, సదరు మౌనమును సైతము వాడకముగా పరిగణించవలసినదిగా కోరుట గురించి.

నేను ఇదివరకు ఎవరికీ అర్జీ రాసినదాన్ని కాను. కొత్త మనిషి ఎదురుపడితే గోడకు అతుక్కుపోయే రకం. చదువు కూడా తక్కువే. మా భవనం మొదటి అంతస్తులో ఉండే రిటైరైన హెడ్డు గుమాస్తా బాబాయి గారు అర్జీ ఎలా రాయాలో నేర్పారు. "కన్నీళ్ళు పెట్టుకోకూడదమ్మాయ్, అంకెలు వేసుకోవాలి. ఒక్కో బాధకి ఒక్కో నంబరు. అధికారికి బాధ కనబడదు, నంబరు కనబడుతుంది" అన్నారు. ఆ ప్రకారమే వేస్తున్నాను. ఎక్కడైనా నంబరు తప్పితే బాధ తప్పు కాదని మనవి.

పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా:

1. మా ఆయన తమ కార్యాలయములోనే పని చేయుచున్నారు. గుట్ట మీది టవరు ఎక్కి, తీగలూ దీపాలూ చూసుకుంటూ, వదులైన నట్లు బిగించే ఉద్యోగం. మా పెళ్ళయిన కొద్ది వారాలకే ఆయనకు గుట్ట డ్యూటీ పడింది. మా భవనానికంతటికీ మేడ మీద ఒకే వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టె ఉంది. దానికి సిగ్నలు వచ్చేది ఆ టవరు నుంచే. రెండో అంతస్తు పాటల టీచరు గారి పాఠాలూ, కింద బేకరీ ఆయన చూసే మ్యాచీలూ, బాబాయి గారి పెన్షను కబుర్లూ అన్నీ మా ఆయన బిగించిన నట్ల మీదుగానే వస్తాయి, పోతాయి. నా మాట ఒక్కటే పోవటం లేదు.

2. ఇంట్లో ఉండేది మా అత్తయ్యా నేనూ. ఫోను ఒక్కటే, అత్తయ్యది. అత్తయ్యకు వినికిడి కొంచెం తక్కువ కనుక దాన్ని ఎప్పుడూ స్పీకరులో పెట్టి మాట్లాడతాము. ఆయన రోజూ సాయంత్రం టవరు దిగగానే ఫోను చేస్తారు. వంటింటి కిటికీ దగ్గర సిగ్నలు బాగా అందుతుంది. అక్కడ నిలబడి మాట్లాడతాను. మేమిద్దరం మాటల మనుషులం కాము. మా మాటలు ఎట్లా ఉంటాయో తమ పరిశీలన నిమిత్తం ఇక్కడ పొందుపరచుచున్నాను.

"తిన్నావా?"

"తిన్నాను. మీరు?"

"ఊఁ."

"చలిగా ఉందా?"

"ఊఁ. అక్కడ?"

"లేదు."

తర్వాత ఇద్దరం ఊరుకుంటాము. ఇది పోట్లాట కాదని తమరు గ్రహించవలెను. ఆయన వైపు నుంచి గుట్ట మీది గాలి వినబడుతుంది. మా వైపు నుంచి కింద బేకరీలో ట్రేలు ఓవెన్‌లోకి తోసే చప్పుడు పోతుంది. చాలాసేపటికి ఆయన "బన్నులు పెట్టారా?" అంటారు. "కాదు, బ్రెడ్డు" అంటాను. "అదే, బన్నుల ట్రే ఇంత బరువుగా వినబడదే అనుకున్నాను" అంటారు. మళ్ళీ ఊరుకుంటాము. చివర్లో "పెట్టెయ్యనా?" అంటారు. "మీ ఇష్టం." "నువ్వు పెట్టు." "మీరే పెట్టండి." ఇద్దరం పెట్టము. ఇట్లా చాలా హాయిగా జరిగిపోయేది. దీని మీద ఎవరి వద్ద నుంచీ ఎటువంటి ఫిర్యాదూ లేదు.

3. ఇట్లుండగా తమ కార్యాలయము నుంచి అత్తయ్య ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. "ప్రియమైన వినియోగదారులారా! టవరుపై రద్దీ పెరిగినందున సమర్థ కేటాయింపు పథకము అమలులోకి వచ్చినది. వాడుకలో లేని వాటా వృథా కారాదు. శబ్దము లేని కాల్‌ను ఖాళీగా భావించి, దాని బ్యాండ్‌విడ్త్‌ను అవసరమైనవారికి అందజేస్తాము."

అత్తయ్య "ఏమొచ్చిందే, చదువు" అన్నారు. "టవరు మీద రద్దీ ఎక్కువైందట అత్తయ్యా" అన్నాను. "టవరెక్కేది మావాడొక్కడేగా, రద్దీ ఏమిటి? వాడికి తోడు ఎవరినైనా పంపించారేమో, మంచిదేలే" అన్నారు. మేము సంతోషించాము. ఆ సంతోషము సదరు సాయంత్రము వరకే నిలిచినది.

4. ఆ సాయంత్రం ఆయన "ఏం చేశావ్ ఇవాళ?" అని అడిగారు. చెప్పుకోదగ్గది ఏం చేశానా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో ఒక ఆడ గొంతు వచ్చి, "మీరు మాట్లాడనందున మీ వాటా మరొకరికి కేటాయించబడినది. ధన్యవాదములు" అన్నది. లైను పోయింది. వెంటనే కింద బేకరీ ఆయన చూసే మ్యాచీ గలగలమంటూ స్పష్టంగా వినబడింది. నా వాటా ఎటు పోయిందో తెలిసిపోయింది.

ఆ గొంతు గురించి ఒక మాట. ఆమె చాలా మర్యాదగా మాట్లాడుతుంది. కసురుకున్నా బాగుండేది. నేను ఏమీ ఇవ్వలేదు, ఆమే తీసుకున్నది. మరి ధన్యవాదములు ఎందుకు చెబుతున్నదో విచారించవలెను.

5. తమ ఫిర్యాదుల విభాగానికి ఫోను చేశాను. ఒక అబ్బాయి, "నమస్కారం, మీ సమస్య చెప్పండి" అన్నాడు. పరాయి మనిషితో నేనూ మా ఆయనా ఊరుకునే సంగతి ఎట్లా చెప్పుకోను? సిగ్గేసింది. గొంతు సవరించుకుంటున్నాను. "మీరు మాట్లాడనందున" అని ఆవిడే మళ్ళీ వచ్చింది. మాట్లాడలేకపోవడము గురించిన ఫిర్యాదును, మాట్లాడలేదన్న కారణముచే తిరస్కరించుట ఎంతవరకు సబబో తమరే ఆలోచించవలెను. (ఈ వాక్యం బాబాయి గారిది. ఆయనకు చాలా నచ్చి రెండుసార్లు రాయమన్నారు. ఒకసారే రాశాను.)

6. చివరకు అత్తయ్య ఫోను అందుకున్నారు. అత్తయ్య మాట్లాడితే తమ టవరుకు ఖాళీ అన్నమాటే తెలియదు. మర్నాడు లైన్‌మన్ వచ్చాడు. నేను వంటింటి తలుపు వెనక నిలబడ్డాను. అతను పెట్టె చూసి, అత్తయ్యకు ఇట్లా చెప్పాడు:

"బ్యాండ్‌విడ్త్ అంటే బస్సు అనుకోండమ్మా. సీట్లు కొన్నే. ఎక్కేవాళ్ళు బోలెడు. ఖాళీ సీటు మీద రుమాలు వేసి మీరు ఎటో వెళ్ళిపోతే నిలబడ్డవాళ్ళు ఊరుకుంటారా?"

నేను తలుపు వెనక నుంచే అన్నాను: "రుమాలు వెయ్యలేదండీ. నేనే కూర్చున్నాను. ఊరికే కూర్చున్నాను."

"ఎవరమ్మా మాట్లాడింది?"

"మా కోడలు. నువ్వు చెప్పు బాబూ, అదలాగే ఉంటుంది" అన్నారు అత్తయ్య.

"ఊరికే కూర్చుంటే టవరుకి తెలియదమ్మా. దానికి కళ్ళు లేవు, చెవులే ఉన్నాయి. దూరపు చప్పుళ్ళు వాటికి ఆనవు. ఫోను పక్కనే ఏదో ఒక గట్టి చప్పుడు చెయ్యాలి."

"ఏం చప్పుడు చెయ్యమంటావ్?"

"ఏదైనా సరే. దానికి మాటైనా మోతైనా ఒకటే. మిక్సీ వేసుకోండి, పర్లేదు."

అత్తయ్య అతనికి టీ ఇచ్చి పంపారు. అతను తాగినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. అతని సీటు ఎవరూ తీసుకోలేదు.

7. తమ లైన్‌మన్ సలహా ప్రకారం, మేము ఊరుకున్నప్పుడల్లా ఫోను పక్కన ఖాళీ మిక్సీ తిప్పసాగాను. లైను నిలబడింది. నిలబడటమే కాదు, టవరు ముచ్చటపడి మాకు ఇంకా ఎక్కువ వాటా ఇచ్చింది.

"మిక్సీ చాలా బాగా వినబడుతోంది" అన్నారు ఆయన. "పక్కనే ఉన్నట్టుంది. ఏం రుబ్బుతున్నావ్?"

"ఏం లేదు."

"ఏం లేకుండా మిక్సీ ఎందుకు?"

"మనం మాట్లాడుకోవటం లేదు కదా. అందుకు."

ఆయన నవ్వారనుకుంటాను. మిక్సీ మోతలో వినబడలేదు. గాలి కూడా వినబడలేదు. ఆ వారంలోనే తమ కార్యాలయము నుంచి మరొక మెసేజీ వచ్చింది: "అభినందనలు! మీ ఇల్లు ఈ వారపు సమర్థ వినియోగదారుగా ఎంపికైనది." అత్తయ్య దాన్ని బాబాయి గారిచేత పెద్ద అక్షరాలతో రాయించి గడియారం కింద అతికించారు. అది ఇప్పటికీ ఉంది. మిక్సీ మాత్రం లేదు. ఖాళీగా తిరిగి తిరిగి ఒక సాయంత్రం పొగ వచ్చి ఆగిపోయింది. దాని స్థానములో అత్తయ్య వచ్చారు.

8. అత్తయ్య ఏమన్నారంటే, "మీ ఇద్దరూ హాయిగా ఊరుకోండి. నేను మాట్లాడుతుంటాను. టవరు సంగతి నేను చూసుకుంటాను." ఈ విషయములో అత్తయ్య మిక్సీకంటే మెరుగు. పొగ రాదు. బేకరీ పిల్లి పిండి ట్రేలో పడుకుని తెల్లగా లేచిన సంగతి, పాటల టీచరు గారికి జలుబు చేసి పిల్లలందరూ ముక్కుతో పాడటం నేర్చుకున్న సంగతి, అన్నీ వరసగా చెప్పుకుపోతారు. నడుమ "ఒరేయ్, వింటున్నావా?" అంటారు. ఆయన "ఊఁ" అంటే, "నీతో కాదురా, టవరుతో మాట్లాడుతున్నా. నువ్వు దాంతో ఊరుకో" అంటారు. అది అంటే నేను.

అత్తయ్య మంచి మనసుతో చేసినదాన్ని నేను ఫిర్యాదు కింద రాయకూడదు. కానీ అయ్యా, ఒకరు మాట్లాడుతుండగా ఊరుకోవడం వేరు. ఇద్దరమే ఊరుకోవడం వేరు. రెండిటికీ ఒకటే బ్యాండ్‌విడ్త్ పట్టవచ్చునేమో నాకు తెలియదు.

9. ఇప్పుడు రాయబోయేది అసలు సంగతి. బాబాయి గారు దీన్ని ఒకటో నంబరులో పెట్టమన్నారు. ఒకటో నంబరులో నాకు ధైర్యం చాలలేదు.

అత్తయ్య పిల్లి సంగతి రెండోసారి చెబుతుండగా ఆయన, "అమ్మా, ఒక్క నిమిషం. ఆమెతో మాట్లాడాలి" అన్నారు. తర్వాత నాతో ఇట్లా అన్నారు: "ఆఫీసులో పెద్దాయన అడిగారు. ఇంకో మూడేళ్ళు గుట్ట మీదే ఉంటావా, కిందికి వచ్చేస్తావా అని. నెలాఖరులోగా చెప్పాలి. ఇంట్లో అడిగి చెప్తానన్నాను. నువ్వేమంటావ్?"

ఆ పెద్దాయన తమరే.

నాకు జవాబు తెలుసు. ఒక్క మాట. కానీ ఆ మాట అనడానికి ముందు నాకు కాస్త జాగా కావాలి. నీళ్ళలో దిగేముందు ఒడ్డున ఒక క్షణం నిలబడతాము చూడండి, అంత. నేను నిలబడ్డాను. అప్పుడు ఏం జరిగిందంటే, అత్తయ్య నోరు మూసుకున్నారు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టాక అట్లా మూసుకోవడం చూడలేదు. స్పీకరు మోత కింది అంతస్తులకు కూడా పోతుంది కనుక, రెండో అంతస్తులో పాటల టీచరు గారు చెయ్యెత్తి పిల్లల పాట ఆపించారు. మెట్ల మీద బాబాయి గారు వస్తున్న దగ్గును మింగేశారు. కింద బేకరీలో ట్రే తోయబోయిన మనిషి కూడా ఆగిపోయాడు. మ్యాచీ గొంతు తగ్గింది. భవనమంతా నా జవాబు కోసం ఊపిరి బిగపట్టింది.

"మీరు మాట్లాడనందున మీ వాటా మరొకరికి కేటాయించబడినది. ధన్యవాదములు."

అత్తయ్య తల బాదుకున్నారు. "జన్మలో ఒక్కసారి నోరు మూసుకున్నానే! అదీ ఇప్పుడే మూసుకోవాలా!"

ఆ మరొకరు ఎవరో తెలియదు. భవనంలో అందరూ ఊరుకునే ఉన్నారు. ఆ వాటా ఎవరికీ అందకుండా వృథాగా పోయిందని నా అనుమానము. ఇది తమ పథకమునకే విరుద్ధము.

10. (ఇక్కడ పెన్ను పక్కన పెట్టి కొంచెంసేపు ఊరికే కూర్చున్నాను. టీ పొంగితే వెళ్ళి దించి వచ్చాను. కాగితం ఎక్కడికీ పోలేదు. నేను ఎక్కడ ఆపానో అక్కడే ఉంది. తమ లైను కూడా ఇట్లా ఉంటే నేను అర్జీ రాసేదాన్నే కాదు.)

మర్నాడు ఆయన మళ్ళీ ఫోను చేశారు. తిన్నావా అనలేదు.

"అర్థమైందిలే" అన్నారు.

"ఏమిటి?"

"నిన్న అడిగినదానికి. లైను కట్ అయ్యేంతసేపు ఆలోచించావంటే నీకు చెప్పడం కష్టంగా ఉందన్నమాట. ఉండమంటే ఉంటాలే. ఏమీ అనుకోను."

కాదు అనడానికి కూడా ముందు ఊపిరి తీసుకోవాలి కదా. తీసుకుంటున్నాను. ఆవిడ వచ్చింది. ధన్యవాదములు చెప్పింది.

అయ్యా, అన్ని నంబర్లలోకీ ఈ పదో నంబరు తమరు రెండుసార్లు చదవవలెనని వేడుకోలు. మా ఆయన ఇదివరకు నా మౌనాన్ని ఎన్నడూ ఖాళీ అనుకోలేదు. అందులో బన్ను ట్రే ఏదో బ్రెడ్డు ట్రే ఏదో కూడా వినగలిగిన మనిషి. తమ పథకం వచ్చాక టవరు ఎట్లా అనుకుంటుందో ఆయన కూడా అట్లా అనుకోవడం మొదలుపెట్టారు. లైను పోతే మళ్ళీ వస్తుంది. మనిషికి ఈ అలవాటు పట్టుకుంటే ఏ లైన్‌మన్‌ని పిలవాలి?

11. మెసేజీ పంపవచ్చు కదా అని తమరు అడుగుతారు. గుట్ట మీద కాపలావాళ్ళతో సహా అందరికీ కలిపి ఒకే సెల్‌ఫోను, గోడకు తగిలించి ఉంటుంది. మెసేజీ వస్తే ముందు చూసినవారు పైకి చదువుతారు. ఒకసారి చలిగా ఉందంటే "స్వెట్టరు వేసుకోండి" అని పంపాను. ఇప్పటికీ అక్కడ అందరూ ఆయన్ని స్వెట్టరు అనే పిలుస్తారు. నేను అనవలసిన మాట పంపితే ఇంక ఏమని పిలుస్తారో ఊహించడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

అత్తయ్య తన వంతుగా చెప్పారు. "ఒరేయ్, వచ్చెయ్‌రా" అన్నారు. "నువ్వు రోజూ అంటావులే అమ్మా" అన్నారాయన. అత్తయ్య ఫోను పెట్టేసి నా వైపు చూశారు. "నేను వెయ్యిసార్లు అన్నా వాడికి అమ్మ గొడవే అవుతుంది. నువ్వొక్కసారి అంటే చాలు. ఆ ఒక్కటీ అనవే తల్లీ!" అన్నారు.

12. ఆ ఒక్కటీ అనిపించడానికి భవనమంతా పూనుకున్నది. పాటల టీచరు గారు పద్ధతి ఏర్పాటు చేశారు. "నువ్వు తీరిగ్గా ఆలోచించుకో. ఆగినప్పుడు చెయ్యి ఎత్తు. లైను మేం పట్టుకుంటాం" అన్నారు. సాయంత్రం అందరూ మా వంటింట్లో చేరారు. నేను కిటికీ దగ్గర ఫోనుతో. టీచరు గారి పిల్లలు పొయ్యి పక్కన వరసగా. బాబాయి గారు తన పాత ఆఫీసు సర్క్యులర్లు పైకి చదవడానికి కళ్ళజోడు తుడుచుకుంటూ. బేకరీ ఆయన రెండు ఖాళీ ట్రేలతో. అత్తయ్య అందరి వెనకా, అవసరమైతే దూకడానికి సిద్ధంగా.

ఆయన "హలో" అన్నారు. నేను చెయ్యి ఎత్తాను. పిల్లలు "ఆ" అని ఎత్తుకున్నారు. బాబాయి గారు "కార్యాలయ వేళల్లో సిబ్బంది వరండాలో నిలబడరాదు" అని మొదలుపెట్టారు. ట్రేలు మోగాయి. లైను దివ్యంగా నిలబడింది.

"అక్కడ ఏం జరుగుతోంది?" అన్నారాయన.

"ఏం లేదండీ. నేను ఊరుకున్నాను."

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. లైను ఉంది, టవరు ఉంది, బ్యాండ్‌విడ్త్ కావలసినంత ఉంది. కానీ అంతమంది ఎదుట ఆ మాట ఎట్లా అంటాను? చెయ్యి దించలేదు. పిల్లలకు ఊపిరి అందక ఒక్కొక్కరే ఆగిపోయారు. బాబాయి గారి సర్క్యులరు అయిపోయింది. చివరకు నేను "స్వెట్టరు ఉతికారా?" అన్నాను. ఆయన "ఊఁ" అన్నారు.

అందరూ వెళ్ళిపోయాక అత్తయ్య నన్ను ఏమీ అనలేదు. పొయ్యి దగ్గర కూర్చుని టీ పెట్టి నాకు ఒక గ్లాసు ఇచ్చి, తానూ ఒకటి తీసుకుని, నా పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా తాగారు. అత్తయ్యకు కూడా ఊరుకోవడం వచ్చునని ఆ రోజే తెలిసింది. తర్వాత, "అర్జీ రాయవే" అన్నారు. "కాగితానికైతే సిగ్గుపడవుగా."

కావున తమరు దయతో పరిశీలించి ఈ దిగువ కోరికలు మంజూరు చేయవలెనని ప్రార్థన:

అ) మౌనమును మాటగా లెక్కించవలెను. అట్లు కుదరనిచో కనీసం సగం మాటగానైనా లెక్కించవలెను.

ఆ) అన్ని మౌనములనూ ఒక గాటన కట్టరాదు. కోపపు మౌనము వేరు. వినుచున్న మౌనము వేరు. చెప్పబోవు మౌనము వేరు. ఫోను పట్టుకుని నిద్రపోయినవారి మౌనము ఉన్నది, దాన్ని మాత్రం తమరు నిరభ్యంతరంగా తీసుకుని బేకరీకి ఇవ్వవచ్చును.

ఇ) టవరు మీద నిజంగానే రద్దీ ఉన్నదని నాకు తెలుసు, ఆయనే చెప్పారు. నాకు పెద్ద వాటా అవసరం లేదు. మిక్సీకి ఇచ్చినదానిలో వెయ్యో వంతు చాలు. మాట పట్టేంత కూడా అక్కర్లేదు. ఊపిరి పట్టేంత సన్నపు దారి ఒకటి తెరిచి ఉంచితే సర్దుకుంటాను. అది పంపిణీకి అడ్డం రాదు. ఎవరి పాటా ఆగదు, ఎవరి మ్యాచీ ఆగదు. బస్సులో సీటు కూడా వద్దు. మెట్టు మీద నిలబడతాను. దిగిపోమని మాత్రం అనవద్దు.

ఈ) ఆ గొంతు గల ఆవిడ ఇకపై "మీరు మాట్లాడనందున" అనే బదులు "మీరు ఉన్నారా?" అని అడిగిన చాలును. ఉన్నాను అని చెప్పగలను. అది నాకు సులువు.

ఉ) గడియారం కింద అతికించిన అభినందనను వెనక్కు తీసుకోవలెను. అది మిక్సీకి చెందవలసినది.

పై నంబర్లలో రాసిన మాటలతోపాటు వాటి నడుమ నేను ఆగిన చోట్లను కూడా తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
మాట్లాడకపోయినా లైనులోనే ఉన్న మనిషి.

తా.క.: బాబాయి గారు అర్జీ అంతా చదివి, తప్పులు దిద్ది, "సంతకం కింద జాగా వదలకు, గీత కొట్టెయ్. అర్జీలో తాజా కలం ఉండరాదు" అన్నారు. ఆయన కిందికి వెళ్ళారు. అత్తయ్య మేడ మీద బట్టలు తీస్తున్నారు. వంటింట్లో ఎవరూ లేరు. గీత కొట్టేముందు ఇది రాస్తున్నాను.

తమరు ఆయన్ని అడిగారు. ఆయన నన్ను అడిగారు. జవాబు నా దగ్గర ఆగిపోయి ఉంది. ప్రశ్న వచ్చిన దారినే దాన్ని తిరిగి తమ దగ్గరకే పంపుతున్నాను.

ఆయన్ని పంపించేయండి.

రమ్మన్నది నేనని చెప్పండి. అత్తయ్య కాదు, నేను. రమ్మనాలని మొదటి రోజు నుంచీ అనుకుంటున్నానని, ప్రతి సాయంత్రం ఊరుకున్నప్పుడు నేను అంటున్నది అదేనని చెప్పండి. బన్నులు బ్రెడ్డు అన్నది పైకి మాత్రమే.

ఒక్క చిన్న మనవి. తమరు ఈ మాట ఫోనులో చెప్పగానే ఆయన ఏమీ అనరు. చాలాసేపు అనరు. తమరు కంగారుపడి హలో హలో అనవద్దు. గాలి వినబడుతూ ఉంటుంది. ఆయన అక్కడే ఉంటారు. అది వింటూ ఉండండి. అంతవరకు దయచేసి ఆ లైను ఎవరికీ ఇవ్వకండి.